గ్రహ నీహారికల ఛాయాగ్రహణము: వెలుతురు జమాఖర్చులు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



ఆకాశమునందలి పెద్ద వస్తువులను గూర్చి చెప్పువారు పలువురు గలరు. పాలపుంత, మృగశిర దాపుననున్న మహా నీహారిక, ఆండ్రోమెడా నక్షత్రద్వీపము మొదలగువాని చిత్రములు గోడ క్యాలెండరుల మీదికి సైతము ఎక్కినవి. నేటి ప్రసంగమునకు అవి వస్తువులు కావు. చంద్రబింబపు వెడల్పులో నలువదవ వంతునైనను ఆక్రమింపజాలని కొన్ని చిన్న వెలుగు ముద్దలు కలవు. సామాన్యుడు కొనదగిన ఎనిమిదంగుళముల దూరదర్శినికి ఒక అదనపు కటకమును తగిలించి వానిని ఛాయాచిత్రముగా పట్టు విధమే నేటి విషయము. విషయము చిన్నదే గాని దాని లెక్క చిన్నది కాదు.

ఈ వెలుగు ముద్దలకు శాస్త్రజ్ఞులు గ్రహ నీహారికలని పేరిడిరి. పేరు తప్పు, వానికిని గ్రహములకును ఏ సంబంధమును లేదు. 1779లో దార్కియే యను ఫ్రెంచి పరిశీలకుడు అభిజిత్తు దాపుననున్న వలయ నీహారికను చూచి, అది వెలుగు తరుగుచున్న గ్రహమువలె నున్నదని వ్రాసెను. 1781లో యురేనసును కనుగొన్న విలియం హెర్షెలు మరుసటి యేడు సెప్టెంబరులో కుంభరాశియందు ఇట్టిదే మరియొక బింబమును చూచెను. నక్షత్రమైనచో చుక్కగా నుండవలెను. నీహారికయైనచో అంచులేని పొగవలె నుండవలెను. ఇది అంచుగల గుండ్రని బిళ్ళ. వర్ణము నీలియు పచ్చయు కలిసినది. అప్పటికి హెర్షెలు కన్నులలో యురేనసు రూపమే మెదలుచుండెను గాబోలు, 1785లో ఈ జాతికంతకును గ్రహ నీహారికలని నామకరణము చేసెను. తప్పు పేర్లు ఒకసారి దస్తావేజులోనికి ఎక్కిన పిమ్మట దిగుట అరుదు. రెండువందల నలువదేండ్లుగా ఆ పేరే నిలిచియున్నది.

వాని నిజతత్త్వమును తేల్చినది దూరదర్శిని పెంపు కాదు. ఎంత పెంచి చూచినను అవి నక్షత్రముల గుంపులా, వాయువులా యను తగవు తెగలేదు. 1864 ఆగస్టు 29వ తేదీ రాత్రి లండను నగరపు శివారున విలియం హగ్గిన్సు తన దూరదర్శినికి వర్ణపట పరికరమును అమర్చి, డ్రేకో మండలములోని ఒక గ్రహ నీహారికను చూచెను. ఇంద్రధనుస్సువలె రంగుల పట్టీ కనబడుననుకొన్నచోట ఒకే యొక ప్రకాశరేఖ కనబడెను. పట్టకము కదలినదేమో యని ఆయన మొదట శంకించెను. కాని కదలలేదు. నక్షత్రముల గుంపైనచో పట్టీ యుండవలెను. ఒంటరి రేఖ పలుచని వాయువునకు గుర్తు. తగవు ఆ రాత్రి తీరినది. ఆయన వాడిన కటకపు వెడల్పు ఎనిమిదంగుళములే యని చిన్న పరికరములుగల యువకులు గుర్తుంచుకొనవలెను.

ఆ రేఖ భూమిపై తెలిసిన ఏ మూలకమునకును సరిపడలేదు. కావున 'నెబ్యూలియము' అను క్రొత్త మూలకమును ఊహించిరి. అరువదేండ్లకు పైగా ఆ లేని మూలకము పుస్తకములలో జీవించినది. 1927లో ఐరా బోవెను అను అమెరికను శాస్త్రజ్ఞుడు ఆ రేఖ రెండు ఎలక్ట్రానులను కోల్పోయిన ఆమ్లజని పరమాణువులదే యని నిరూపించెను. అది 500.7 నానోమీటర్ల తరంగదైర్ఘ్యముగల పచ్చని వెలుగు. దానికి తోడుగా 495.9 వద్ద మరియొక రేఖ కలదు. భూమిమీది వాయువులలో పరమాణువులు ఒకదానితో నొకటి వెంటవెంటనే ఢీకొనుటచే ఆ వెలుగు పుట్టుటకు వ్యవధి యుండదు. ఆకాశమునందలి అతిపలుచని వాయువులో ఆ వ్యవధి చిక్కును.

సూర్యునివంటి నక్షత్రము వార్ధక్యమున ఉబ్బి, తన పైపొరలను సెకనుకు ఇరువది ముప్పది కిలోమీటర్ల వేగముతో వెలుపలికి వదలును. లోపల మిగిలిన గుజ్జు మిక్కిలి వేడియైనది. దాని ఉష్ణత కొన్నింటియందు లక్ష డిగ్రీలను దాటును. దాని అతినీలలోహిత కిరణములు సోకి, వదలబడిన వాయువు వెలుగును. పది ఇరువదివేల సంవత్సరములలో ఆ వాయువు చెదరిపోవును. నక్షత్రపు ఆయుర్దాయముతో పోల్చినచో అది రెప్పపాటు. కనుకనే కోట్లకొలది నక్షత్రములుగల మన పాలపుంతలో ఇంతవరకు గుర్తించిన గ్రహ నీహారికలు కొన్నివేలు మాత్రమే.

ఇక కొలతల మాట. సూర్యసిద్ధాంతమును తిరుగవేసినవారికి రాశికి 30 భాగలు, భాగకు 60 కలలు, కలకు 60 వికలలు అను లెక్క తెలియును. పాశ్చాత్యులు డిగ్రీ, మినిట్, సెకండు అనునవి అవియే. చంద్రబింబము సుమారు 31 కలలు, అనగా 1860 వికలలు. ఉదాహరణకు తీసుకొనదగిన గ్రహ నీహారిక హైడ్రా మండలములోని ఎన్.జి.సి. 3242. దీనిని హెర్షెలు 1785 ఫిబ్రవరిలో కనుగొనెను. గురుగ్రహపు ఛాయ యని దీనికి ముద్దుపేరు. దీని వెలుగు పొర వెడల్పు సుమారు 40 వికలలు. లోపలి ప్రకాశవలయపు పొడవు దాదాపు 25 వికలలు.

దూరదర్శినిలో ప్రతిబింబమెంత వెడల్పున పడునో నిర్ణయించునది దాని నాభ్యంతరము. ఎనిమిదంగుళముల, అనగా 200 మిల్లీమీటర్ల దర్పణమునకు సాధారణముగా నుండు నాభ్యంతరము 1000 మిల్లీమీటర్లు. దానియందు ఒక వికల మిల్లీమీటరులో రెండువందలవ వంతున కొంచెము తక్కువ స్థలమును ఆక్రమించును. కావున ఎన్.జి.సి. 3242 సాంతము పడు స్థలము 0.19 మిల్లీమీటరు. గసగసాల గింజలో అయిదవ వంతు! అందులో వలయమును, దాని నడుమ నక్షత్రమును, పైపొరను వేరువేరుగ చూపవలెను.

ఈ చిక్కు చిన్న పరికరములవారికే కాదు, మహా వేధశాలలకును తప్పలేదు. హంగెరీ దేశమున హెరేనీ యందు గోథార్డు అను పరిశీలకుడు 1886లో సుమారు పది అంగుళముల దర్పణముతో వలయ నీహారికను ఛాయాచిత్రముగా తీసి, దాని నడుమ నక్షత్రమును స్పష్టముగ చూపెను. అంతకు పూర్వము ఆ నక్షత్రమున్నదని కొందరు, లేదని కొందరు వాదించుచుండిరి. దాని వెలుగు నీలివర్ణము వైపు మొగ్గుట చేతను, ఆనాటి ఫోటో పలకలు నీలివెలుగునకు మిక్కిలి చురుకుగలవగుట చేతను, కంటికి చిక్కనిది పలకకు చిక్కినది. అమెరికాలోని లిక్ వేధశాలయందు 36 అంగుళముల క్రాస్లీ దర్పణముతో హీబరు కర్టిసు గ్రహ నీహారికలను వరుసగా చిత్రించి 1918లో ప్రకటించెను. ఆ పరికరపు నాభ్యంతరము సుమారు 17½ అడుగులు. అయినను అందులో ఒక మిల్లీమీటరున 39 వికలలు పట్టును. చిన్న నీహారికలు అర మిల్లీమీటరునకు మించలేదు. వాని నడిమి భాగమునకును అంచులకును వెలుగు తారతమ్యము మెండు. ఒకే పలకపై రెండును పడవు. నడుమ చూడబోయిన అంచు మాయమగును, అంచు చూడబోయిన నడుమ మాడిపోవును. అందుచే కర్టిసు వేరువేరు కాలములపాటు వెలుగు చూపిన పలకలను ప్రక్క ప్రక్కన పెట్టుకొని, చేతితో రేఖాచిత్రములు గీసి రెండింటిని ఒకచో చేర్చెను. ఈ సంగతి ముందు మరల పనికివచ్చును.

తెలుగువారి గడ్డకును ఈ కథలో చిన్న భాగము కలదు. 1887లో పారిసు నగరమున కూడిన శాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఫోటో పలకలపై కెక్కింప సంకల్పించి, ఒక్కొక్క దేశపు వేధశాలకు ఒక్కొక్క పట్టీని పంచిరి. నవాబు జఫర్ జంగు 1901లో స్థాపింపగా 1908లో నిజాం ప్రభుత్వపు పాలనలోనికి వచ్చిన హైదరాబాదు నిజామియా వేధశాల, ఖగోళ మధ్యరేఖకు దక్షిణముగ 17 నుండి 23 భాగలవరకుగల పట్టీని చిత్రించెను. ఎన్.జి.సి. 3242 ఆ పట్టీలోనిదే. ఆ మహాపటమునకు ఏర్పరచిన ప్రమాణము ఒక మిల్లీమీటరునకు ఒక కల. ఆ లెక్కను ఈ నీహారిక వెడల్పు మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. నక్షత్రముల స్థానములను కొలుచుటకు అది చాలును. నీహారిక ముఖమును చూచుటకు చాలదు.

చాలనప్పుడు ఏమి చేయవలెను? 1830ల దశాబ్దమున ఇంగ్లండు గణిత పండితుడు పీటరు బార్లో పేరిట ఒక కటకము వాడుకలోనికి వచ్చినది. అది గుంటుగా నుండు కటకము. దర్పణమునుండి కూడుకొనుచు వచ్చు కిరణములను అవి కలియుటకు కొంచెము ముందుగ అడ్డగించి, వాని కూడికను మెల్లగించును. ఫలితముగ నాభ్యంతరము రెండింతలో మూడింతలో అయినట్లగును. కటకమునకును కెమెరాకును గల దూరము పెరిగినకొలది పెంపును పెరుగును. కావున పెట్టెపై రెండింతలని వ్రాసియున్నంత మాత్రమున నమ్మరాదు. తెలిసిన రెండు నక్షత్రముల దూరమును చిత్రముపై కొలిచి, అసలు పెంపును లెక్కకట్టుకొనవలెను. గొలుసు సరిచూడక పొలము కొలిచినవాని లెక్క ఎట్టిదో, ఇదియు అట్టిదే.

బార్లో కటకమును తగిలించినంతనే నీహారిక వామనుడు త్రివిక్రముడైనట్లు పెరిగినదని సంబరపడువారు కలరు. వామనుడు నిజముగ పెరిగెను. నీహారిక పెరుగలేదు. దర్పణము కూర్చిన వెలుగు ఎంతయో అంతయే. 200 మిల్లీమీటర్ల దర్పణము చీకటిలో విప్పారిన కంటిపాపకంటె సుమారు 800 రెట్లు వెలుగును కూర్చును. ఆదాయము అంతటితో సరి. నాభ్యంతరము రెండింతలైన ప్రతిబింబపు పొడవు రెండింతలు, వెడల్పు రెండింతలు, వైశాల్యము నాలుగింతలు. ఒక కుంచము గింజలను ఒక గజము నేలపై పరచినదానికిని, నాలుగు గజముల నేలపై పరచినదానికిని గల భేదమే యిక్కడను. గింజలు పెరుగవు, నేల పలుచబడును. మునుపటి దట్టమే కావలెనన్న నాలుగింతల సేపు వెలుగును కూర్చవలెను. మూడింతల పెంపునకు తొమ్మిదింతల సేపు.

ఆండ్రోమెడా వంటి పలుచని వస్తువులకు ఈ వ్యయము భరింపరానిది. గ్రహ నీహారికలు అట్లు కావు. వాని వెలుగంతయు చిన్న మేర కుదించుకొని యున్నది; పైగా అందు అధికభాగము ఆమ్లజని, ఉదజని పరమాణువుల కొద్ది రేఖలలోనే చేరియున్నది. చిన్న కమతమైనను మాగాణి వంటిదన్నమాట. అందుచే అవి పెంపును ఓర్చును. ఈ మెలకువ తెలియకయే పలువురు, చిన్నది గనుక పెద్ద వేధశాలలకు తప్ప చిక్కదని పిల్లలను నిరుత్సాహపరచుచున్నారు. చిన్నదగుటయే వానికి గుణము.

అయితే ఎంత పెంచవలెను? దీనికి జవాబు కటకములో లేదు, గాలిలో నున్నది. 200 మిల్లీమీటర్ల దర్పణము సిద్ధాంతరీత్యా 0.6 వికలల సన్నపు భేదమును చూపగలదు. కాని భూమిమీది గాలి ఎండకాలపు ఇసుకతిన్నెపై ఆవిరివలె సదా కదలుచుండును. నక్షత్రము మిణుకుమిణుకుమనుట అందువలననే. మైదాన ప్రాంతములలో సామాన్యమైన రాత్రి నక్షత్రపు చుక్క రెండు మూడు వికలల బిళ్ళగా పరచుకొనును.

కెమెరాలోని గ్రాహక ఫలకము గడులు గడులుగా నుండును, వానినే పిక్సెలులందురు. గడి వెడల్పు 3.75 మైక్రానులైనచో, 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరమున ఒక్కొక్క గడికి 0.77 వికల వచ్చును. గాలి చెడిన రాత్రి మూడు వికలల బిళ్ళ నాలుగు గడులపై పడును. అంతకంటె ఎక్కువ గడులపై పరచినను క్రొత్త సంగతి ఒక్కటియు తెలియదు, మసకయే పెద్దదగును. గాలి నిలకడగానున్న రాత్రి బిళ్ళ ఒకటిన్నర వికలకు కుదించుకొన్నచో అది రెండే గడులలో ఇరుకుకొనును. అప్పుడు రెండింతల బార్లో సార్థకము. నీహారిక 52 గడులనుండి 103 గడులకు విస్తరించును. వలయమునకును నడిమి నక్షత్రమునకును నడుమగల చీకటి విడివడును. ఇటీవలి కెమెరాలలో గడులు రెండున్నర మైక్రానులకు కూడ దిగినవి; వానికి పెంపు మరింత తక్కువ చాలును. కావున బార్లో కటకము నిత్యము వాడదగిన వస్తువు కాదు. నక్షత్రములు మిణుకుమనక నిలిచిన రాత్రి బయటికి తీయవలెను, తక్కిన రాత్రులు పెట్టెలో నుంచవలెను. ఇంత మాట చెప్పక, పెంపు సంఖ్యలను మాత్రమే పొగడి అమ్ము వర్తకులు కొనువారికి మేలు చేయుట లేదు.

గాలి తరువాత చిక్కు భూభ్రమణము. ఆకాశము సెకనుకు 15 వికలల చొప్పున జరుగును. దూరదర్శిని నిలిచియున్నచో మూడు సెకనులలో ఎన్.జి.సి. 3242 తన వెడల్పంత జరిగిపోవును. దానిని వెంబడించుటకు ధ్రువాభిముఖమైన ఇరుసుగల పీఠము కావలెను. తెలుగుదేశమున ధ్రువనక్షత్రము దిక్చక్రమునకు పదునారు పదునేడు భాగల యెత్తున మాత్రమే యుండుటచే తాటితోపుల చాటున దాగుట కద్దు. చోటు ఎన్నుకొనునపుడే ఉత్తర దిక్కు చూచుకొనవలెను. పీఠమును తిప్పు పళ్ళచక్రములలోని స్వల్పదోషములు పెంపుతోపాటు తామును పెరుగును. పూర్వులు గంటల తరబడి ఒక నక్షత్రముపై కన్ను నిలిపి, చేతిమరతో ఆ దోషమును సవరించుచుండిరి. నేడు ఆ శ్రమను తప్పించు ఉపాయము కలదు. గంటసేపు ఒకే చిత్రమును తీయుటకు మారుగా అయిదేసి సెకనుల చిత్రములను 720 తీయుట. గాలి చెదరినప్పుడు, పీఠము అదరినప్పుడు పడినవానిని తీసివేసి, మంచివానిని మాత్రము కంప్యూటరు సాయమున ఒకదానిపై నొకటి సరిగా పేర్చుట. గాలి వణకును పూర్తిగ స్తంభింపజేయవలెనన్న సెకనులో నూరవ వంతు కావలెను. గురు శని గ్రహములకు అది సాధ్యము, నీహారిక వెలుగు అంతకు చాలదు. అయిదు సెకనులు మధ్యేమార్గము.

పేర్చుటవలన లాభమేమి? ఒక చిత్రమున వెలుగు కణములు యాదృచ్ఛికముగ పడుటచే గరుకుదనము కానవచ్చును. నూరు చిత్రములను కలిపినచో వెలుగు నూరింతలగును, గరుకుదనము పదింతలే యగును. అనగా స్వచ్ఛత పదిరెట్లు హెచ్చును. 720 కలిపిన ఇరువదియేడు రెట్లు. అయితే ఇందును ఒక సుంకము కలదు. ఫలకమునుండి చిత్రమును చదివినప్పుడెల్ల కెమెరా తన సొంత దోషమును కొంత చేర్చును. ఒకసారి చదివిన ఒకసారి సుంకము. 720 సార్లు చదివిన 720 సార్లు. పాత ఎలక్ట్రానిక్ కెమెరాలలో ఈ సుంకము బరువైనది. ఇప్పటి కెమెరాలు కొన్నింటిలో అది గడికి ఒకటి రెండు ఎలక్ట్రానులకు తగ్గినది. చిన్న చిత్రముల పద్ధతి ఇంత ప్రచారమునకు వచ్చుటకు అదియే హేతువు. అయినను నీహారిక వెలుపలి పలుచని పొరకు ఈ సుంకము బాధయే. బార్లో వలన వెలుగు నాలుగవ వంతైనది. సుంకము మాత్రము తగ్గలేదు. ప్రకాశవలయము తట్టుకొనును, పలుచని పొర తట్టుకొనలేదు. అందుచే తెలిసినవారు నడిమి భాగమునకు బార్లోతో చిన్న చిత్రములును, వెలుపలి పొరకు బార్లో తీసివేసి దీర్ఘచిత్రములును వేరువేరుగ తీసి, పిదప కలుపుదురు. 1918లో కర్టిసు పలకలను ప్రక్కన పెట్టుకొని చేతితో చేసిన పనియే యిది.

ఎన్.జి.సి. 3242కు తగిన కాలము ఉగాది. చైత్ర శుద్ధ పాడ్యమి నాడు చంద్రుని బాధ యుండదు. రాత్రి తొమ్మిది పదిన్నర గంటల నడుమ ఇది దక్షిణదిశను సుమారు 55 భాగల యెత్తునకు వచ్చును. మఖ నక్షత్రమునుండి తిన్నగ దక్షిణమునకు ముప్పది భాగలు దిగినచో దీని తావు. దూరదర్శినిని చీకటి పడకముందే బయట ఉంచవలెను. పగటి వేడి వదలని దర్పణముపై వెచ్చని గాలి సుడులు తిరిగి, నీహారికను నీటిలోని నాణెమువలె వణకించును. సిమెంటు మేడపైకంటె పచ్చికనేల మేలు. మేడ అర్ధరాత్రివరకు ఎండ వేడిని వదలుచునే యుండును. పిమ్మట నక్షత్రముపై స్ఫుటత కుదిర్చి, ఆమ్లజని రేఖను మాత్రమే పోనిచ్చు వడపోత బిళ్ళను పెట్టవలెను. బార్లో తగిలించిన పిమ్మట కిరణములు తక్కువ వాలుగ వచ్చుటచే ఇట్టి సన్నని వడపోత మరింత చక్కగా పనిచేయును. పెంపువలన కలుగు కొద్ది ఉచిత లాభములలో ఇది యొకటి. ఆ పచ్చవెలుగులో వలయమును పొరయు పడును. ఉదజని, నత్రజనుల ఎర్ర వెలుగును విడిచిపెట్టు బిళ్ళను మార్చినచో వలయపు పొడవు రెండు కొనలయందును రెండు చిన్న ఎర్రని మచ్చలు తేలును. హబులు దూరదర్శిని చిత్రములలో అవి ప్రస్ఫుటముగ నున్నవి. ఎనిమిదంగుళముల దర్పణమున అవి చిన్న చుక్కలుగ మాత్రమే కనబడును. ఐనను అచ్చోటనే కనబడును.

సన్నని వడపోత బిళ్ళవలన మరియొక ప్రయోజనము కలదు. నేటి వీధిదీపముల వెలుగు ఊళ్ళపై ఆకాశమును తెల్లబరచుచున్నది. పాలపుంతను చూడని పిల్లలు పట్టణములలో పెరుగుచున్నారు. పలుచని నీహారికలు వారికి దక్కవు. కాని గ్రహ నీహారిక వెలుగు ఒకటి రెండు రేఖలలో చేరియుండుటచే, ఆ రేఖలనే పోనిచ్చు బిళ్ళ వీధిదీపముల వెలుగులో అధికభాగమును ఆపివేయును. విజయవాడ ఇరుకుసందులోని మేడపైనుండి కూడ ఎన్.జి.సి. 3242 వలయమును పట్టవచ్చును.

ఇక అసలైన చిక్కు చిత్రము తీసిన పిమ్మట వచ్చును. పేర్చిన చిత్రము మొదట మసకగానే యుండును. దానికి పదును పెట్టు గణితపద్ధతులు కలవు, అవి శాస్త్రసమ్మతములే. కాని ఆ పదునునకు మేర యుండవలెను. మితిమీరినచో వెలుగు గరుకుదనమే దారములుగ, ముడులుగ మారి, నీహారికలో లేని అందములను సృష్టించును. ఇటీవల వేలకొలది ఇతర చిత్రములను చూచి నేర్చుకొన్న కంప్యూటరు పద్ధతులు వచ్చినవి. వానికి మసక నిచ్చిన స్పష్టత నిచ్చును. ఆ స్పష్టత ఆ రాత్రి ఆకాశము నిచ్చినదా, ఆ యంత్రము ఇతర చిత్రముల జ్ఞాపకమునుండి పూరించినదా యని చూచువాడు ఎరుగడు, తీసినవాడును ఎరుగకపోవచ్చును. లేని మూలకము అరువదేండ్లు పుస్తకములలో నిలిచినను అది రేఖ నిజమై, పేరు మాత్రము తప్పైన సందర్భము. రేఖయే కల్పితమైనచో దిద్దుటకు బోవెనులు పదుగురు పుట్టినను చాలరు.

దీనికి సులభమైన పరీక్ష యొకటి కలదు. పొలము గట్టు తగవులో ఇద్దరు సాక్షులను వేరువేరుగ విచారించుట లోకములో నున్నదే. అట్లే ఒక రాత్రి చిత్రము తీసి, రెండవ రాత్రి కెమెరాను తొంబది భాగలు త్రిప్పి మరల తీయవలెను. కనబడిన ముడి ఆకాశముతోపాటు తిరిగినచో నీహారికది. కెమెరాతోపాటు నిలిచినచో పరికరముది. రెండవ రాత్రి కనబడకయే పోయినచో అది పదునుపెట్టుటలో పుట్టినది. పదును పెట్టకముందటి చిత్రమును చెరిపివేయక దాచవలెను. చిత్రముతోపాటు తేదీ, గంట, గాలి స్థితి, కటకపు అసలు పెంపు, తీసినవెన్ని, వదలినవెన్ని, కంప్యూటరులో చేసిన పని యేమేమి యనునది ఒక చిట్టాలో వ్రాయవలెను. అడంగలు లేని పొలమువలె చిట్టా లేని చిత్రము అందమునకు పనికివచ్చును గాని వ్యవహారమునకు పనికిరాదు.

2022 జూలై 12న జేమ్సు వెబ్బు దూరదర్శిని లోకమునకు చూపిన తొలి చిత్రములలో ఒకటి గ్రహ నీహారికయే; వేలా మండలములోని ఎన్.జి.సి. 3132. ఆ దర్పణపు వెడల్పు ఆరున్నర మీటర్లు, దానికి గాలి బాధయే లేదు. దానిని చూచి ఎనిమిదంగుళములవారు చిన్నబుచ్చుకొననవసరము లేదు. ఆ చిత్రమును తీసినవారు సయితము ఏ వడపోతతో ఏ వర్ణము చూపిరో వివరము ప్రకటించియే చూపిరి.

వైశాఖము దాటిన పిమ్మట ఎన్.జి.సి. 3242 పడమట వాలును, పిదప మబ్బులు. మరల ఆకాశము తేటపడి, మహాలయ అమావాస్య వచ్చుసరికి హెర్షెలు 1782లో చూచిన కుంభరాశి నీహారిక, ఎన్.జి.సి. 7009, రాత్రి ఎనిమిది తొమ్మిది గంటల నడుమ దక్షిణమున 62 భాగల యెత్తున నిలుచును. దానికిని ఇరుప్రక్కల రెండు కొమ్ములు కలవు. శనిగ్రహపు వలయమును ప్రక్కనుండి చూచినట్లుండును. అవి బార్లో లేకుండ 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరమున నీహారికతో అంటుకొనియే కనబడును. గాలి నిలిచిన రాత్రి రెండింతల పెంపుతో విడదీయ యత్నింపవచ్చును.